జన్నత్ బీ పరుపు దిగిన కథ

ప్రపంచంలో మొట్టమొదట నడుం నొప్పి వచ్చిన మనిషి మా అమ్మమ్మ జన్నత్ బీ. అంతకుముందు మనుషులకి నడుములు ఉండేవి గాని, వాటిల్లో నొప్పి ఉండేది కాదు. ఆ నొప్పి అరవై నాలుగులో అనకాపల్లిలో, సైదా సాహెబ్ గారి దూదికొట్టులో పుట్టింది. అక్కణ్ణించి బస్సెక్కి ఎలమంచిలి, రైలెక్కి విశాఖపట్నం చేరి, మెల్లిగా దేశమంతా పాకింది. ఇవాళ ఢిల్లీలో ఏ పెద్దమనిషి కుర్చీలోంచి లేస్తూ నడుం పట్టుకున్నా, ఆ మూలుగు మా ఇంట్లోంచి వెళ్ళిందే. ఈ సంగతి ఏ బడిలోనూ చెప్పరు. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను, రెండుసార్లూ చెప్పలేదు.

నమ్మనివాళ్ళు వచ్చి ఆమెని అడగొచ్చు. అయితే ఒక చిక్కుంది. డెబ్బై దాటినా ఆమె ఒకచోట కూర్చుని దొరకదు. ఈ కథ సగం పెరట్లో, సగం డాబా మెట్ల మీద, ఆమె వెనక పరిగెడుతూ ఏరుకున్నది.

అప్పటికి జన్నత్‌కి పద్నాలుగేళ్ళు. బెల్లం బళ్ళు మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఒక పెంకుటింటి ముందుగదిలో వాళ్ళ కొట్టు, వెనకగదిలో కాపురం. తండ్రి సైదా సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఊళ్ళో గిరాకీ తగ్గినప్పుడు విల్లు భుజాన వేసుకుని పొద్దున్న బస్సుకి రాంబిల్లి వైపో ఎలమంచిలి వైపో వెళ్ళి, వీధి మొదట్లో నిలబడి తంతిని ఒక్కసారి మోగించేవాడు. నోటితో అరవక్కర్లేదు. ఆ టంగుమన్న చప్పుడు వింటే చాలు, గడ్డలు కట్టిన పాత పరుపులు వాటంతట అవే ఇళ్ళలోంచి నడిచొచ్చేవని ఆయన చెప్పుకునేవాడు. గొప్పలు చెప్పడం మా ఇంటి రక్తంలోనే ఉంది.

దూది ఏకే విల్లంటే బాణాలు వేసేది కాదు. మనిషంత పొడుగున్న కర్రకి తంతి బిగించి, బరువు చేతి మీద పడకుండా తాడుతో దూలానికి వేలాడదీస్తారు. దాని ముందు కూర్చుని, ఎడమచేత్తో విల్లు పట్టుకుని, తంతిని దూదికుప్పలోకి దించి, కుడిచేతిలో ఉన్న కొయ్యగుండుతో ఆ తంతి మీద కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ ముద్దగా ఉన్న దూది విడి, పింజలై, పొగలాగా లేస్తుంది. చూడ్డానికి ఆటలాగా ఉంటుంది. కొట్టేవాడి వీపుకి మాత్రం అది ఆట కాదని తెలుసు.

దూది ఏకేవాళ్ళలో మగవాళ్ళది విల్లు, ఆడవాళ్ళది సూది. అది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ దాటలేదు. కానీ సైదా సాహెబ్‌కి కొడుకులు లేరు. ఉన్న ఒక్క కూతురు, సూది ఇస్తే గోడకి గుచ్చి వచ్చి విల్లు పక్కన నిలబడేది. ఒకరోజు ఆయన నవ్వులాటకి గుండు చేతికిచ్చాడు. ఆ పిల్ల తిరిగి ఇవ్వలేదు. చివరికి ఆయనే ఆమె ఎత్తుకి తగ్గట్టు ఒక చిన్న విల్లు చేయించి తన విల్లు పక్కన కట్టాడు. తల్లి జోహరాబీ మాత్రం చాలా రోజులు ముఖం ముడుచుకునే ఉంది.

"మనోళ్ళలో ఆడదెవరైనా విల్లు పట్టిందేటి?" అనేది.

"పట్టలేదు గాబట్టే మన పిల్ల పట్టింది" అనేవాడు ఆయన.

తండ్రీ కూతుళ్ళు పక్కపక్కన కొడుతుంటే పెద్ద తంతి, చిన్న తంతి ఒకదానికొకటి బదులు చెప్పుకున్నట్టుండేది. జన్నత్‌కి లోకంలో అంతకన్నా కావలసింది ఏదీ లేదు. ఆ చిన్న విల్లు ఆమెది. ఇంట్లో ఆమెది అని చెప్పదగ్గ వస్తువు అదొక్కటే.

ఆ ఏడు పెళ్ళిళ్ళ రోజుల్లో శారదానది అవతల ఊరినుంచి బంగారయ్య అనే చెరుకు రైతు వచ్చాడు. కూతురి పెళ్ళికి పరుపులు, దిళ్ళు కావాలన్నాడు. ముందు కొన్ని, మిగతావి ముహూర్తం దగ్గరపడ్డాక. బేరం మాట్లాడుతూ మాట్లాడుతూ జన్నత్ కొట్టడం చూసి నోరు తెరిచాడు.

"ఓలబ్బో! సాయిబు బావా, మీ గుంట కొట్టే దెబ్బ మా ఎద్దు సూసిందంటే సిగ్గుతో గానుగ తొందరగా తిప్పేత్తాది."

ఆ మాట జన్నత్ నెత్తికెక్కింది. మర్నాడు తెల్లారి విల్లు ముందు కూర్చున్నది పొద్దుగూకేదాకా లేవలేదు. తల్లి అన్నానికి పిలిస్తే "వత్తన్నాను" అంది, వెళ్ళలేదు. భుజం మండితే పళ్ళు బిగించింది. కాలు తిమ్మిరెక్కితే రెండో కాలు మీదికి వాలింది. ఎద్దుతో పందెం వేసుకున్న మనిషి మధ్యలో ఎలా లేస్తుంది?

ఆ తర్వాతి పొద్దున్న నీళ్ళ బకెట్టు ఎత్తబోయి అక్కడే ఆగిపోయింది. నడుంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టు అయింది. పైకి లేవలేదు, కిందికి కూర్చోలేదు.

"అబ్బా!" అని కేక పెట్టింది.

సైదా సాహెబ్ బీడీ కాల్చుకుంటూ "ఏటి బేటీ?" అన్నాడు, తన్నే పిలిచిందనుకుని. వాళ్ళింట్లో తండ్రిని పిలిచే మాటా అదే. ఆ ఇంట్లో అదొక అవస్థ.

ఆస్పత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు వీపు నొక్కి, కాళ్ళు ఎత్తించి, వంగమని, లెమ్మని చూశాడు. "ఎముకకి ఏమీ కాలేదు. కండ పట్టేసింది. నాలుగు రోజులు బరువులు ఎత్తనివ్వకండి. తర్వాత మెల్లిగా మామూలుగా తిరగనివ్వండి" అన్నాడు. మంచి మాటే. కానీ "ఎముకకి ఏమీ కాలేదు" అన్న దగ్గరే సైదా సాహెబ్ కళ్ళు మూసుకుని అల్లాకి దండం పెట్టుకోవడం మొదలెట్టాడు. దండం పూర్తయ్యేసరికి డాక్టరు చెప్పడం కూడా పూర్తయింది. దండం మధ్యలో ఆయన చెవిన పడ్డది నాలుగు రోజులన్న ముక్క ఒక్కటే, అది విశ్రాంతికే అనుకున్నాడు. ఇంటికొచ్చేదాకా దాని గురించే ఆలోచించాడు. నాలుగు రోజులే అంత మంచివైతే, నాలుగు వారాలు ఎంత మంచివో!

ఇంటికి రాగానే కొట్టులో ఒక పక్క మంచం వేసి కూతురికి పరుపు కుట్టాడు. బంగారయ్యకి పెట్టిన దూదికన్నా మంచి దూది పెట్టాడు. పరుపులు కుట్టేవాళ్ళ ఇళ్ళలో అందరూ చాప మీదే పడుకుంటారు కాబట్టి, ఆ ఇంట్లో పరుపు ఎక్కిన మొదటి మనిషి జన్నత్. మొదటి రెండు రోజులు హాయిగానే ఉంది. మేకు సగం బయటికి వచ్చింది. నాలుగో రోజున లేస్తానంది.

"పడుకో, పడుకో. తొందరేటి?" అన్నాడు తండ్రి.

వారం తిరిగేసరికి నడుం మళ్ళీ పీకడం మొదలైంది. ఆయన తల పంకించి, దూది చాల్లేదన్నాడు. పరుపు మీద ఇంకో పరుపు వేశాడు. ఇంకొన్నాళ్ళకి నొప్పి వీపు మీదికి పాకింది. మూడో పరుపు వచ్చింది. ఎవరికి ఏ నొప్పి వచ్చినా కింద దూది తక్కువవడం వల్లే వస్తుందని ఆయన గట్టి నమ్మకం. చివరికి జన్నత్ మంచం ఎక్కడానికి పీట వేయవలసి వచ్చింది. పైన పడుకుని చెయ్యి చాపితే దూలం అందేది. దూలానికి వేలాడే విల్లు మాత్రం అందేది కాదు.

పక్కింట్లో అప్పలకొండమ్మ అని పెరుగు అమ్మే ఆవిడ ఉండేది. రోజూ ముంత పట్టుకొచ్చి, పీట మీద కూర్చుని, ఓదార్చేది. ఆవిడ ఓదారుస్తుంటే బాగున్నవాళ్ళకి కూడా ఒళ్ళు బరువెక్కేది.

"వంగకే అమ్మా. మా సిన్నాడబడుసు ఇలాగే వంగింది, మళ్ళీ లెగిసిందా? తుమ్మొచ్చినా ఆపుకో. నడుం కాడ సిన్న నరం ఉంటాది, అది తెగిందంటే ఇంక అంతే."

"తుమ్ము ఎలగాపుకుంటారు పిన్నీ?" అంది జన్నత్.

"ముక్కు పట్టుకో."

అలా జన్నత్ నవ్వడం మానింది, నరం తెగుతుందని. గట్టిగా దగ్గడం మానింది. పక్కకి తిరగాలంటే ముందు తల్లిని పిలిచి, ఆవిడ భుజం పట్టుకుని, తెరచాప తిప్పినట్టు మెల్లిగా తిరిగేది. ఇంట్లో ప్రతివాళ్ళూ గుమ్మం దాటినప్పుడల్లా "ఎలగుంది?" అని అడిగేవారు. అడిగినప్పుడల్లా ఆమె లోపలికి చూసుకునేది. చూసినప్పుడల్లా అది అక్కడే ఉండేది. కొన్నాళ్ళకి అడగకపోయినా చూసుకోవడం అలవాటైంది. నడుంలో పుట్టినది వీపెక్కి, మెడ పట్టి, కాలి మడమలదాకా ఊరేగింది. పిల్ల ముఖం పాలిపోయింది. పొద్దల్లా పడుకుని ఉన్నా నిద్ర పట్టేది కాదు. నూకాలమ్మ జాతర వచ్చింది. జనం వీధిలో డప్పులతో పోతుంటే ఆమె ముగ్గురు మనుషుల ఎత్తు దూది మీద పడుకుని పెంకులు చూస్తూ వింది.

ఒక సాయంత్రం వెనకగదిలో తండ్రి తల్లితో అంటున్న మాట గోడ మీంచి వినబడింది.

"జోహరా, ఇంక నా ఒక్కడి వల్లా అవదు. బంగారయ్యకి మిగతా పరుపులియ్యాల. పాయకరావుపేట ఎల్లి మా అక్క కొడుకు ఆదం ఉన్నాడు గదా, ఆణ్ణి తీసుకొత్తాను. బంగారయ్య బండి తోలుకొచ్చే రోజుకి ఆడిక్కడుండాల. సిన్న విల్లు ఆడికిచ్చేత్తాను."

"మరి జన్నత్?"

"జన్నత్‌కేటి? రాణీలాగ పడుకుంటాది."

రాణీ గారు ఆ మాట విని దుప్పటి నోట్లో కుక్కుకుంది. ఏడిస్తే నరం తెగుతుందని ఏడవలేదు.

రెండు రోజుల తర్వాత సైదా సాహెబ్ కూతురి పరుపు మధ్యలో గొయ్యి పడడం చూశాడు. అందులో ఇంకాస్త దూది కూరాలనుకున్నాడు. జన్నత్‌ని కిందికి దించి, గోడకి ఆనించి చాప మీద కూర్చోబెట్టి, పై పరుపు కుట్లు విప్పాడు. ఆమె పడుకున్న చోట దూదంతా అణిగి, గట్టిపడి, బెల్లం దిమ్మలాగా బయటికి వచ్చింది. ఆయన చేత్తో విరవబోయాడు, విరగలేదు. వెంటనే చిరాకొచ్చింది. ఆ చిరాకులో, ఎలమంచిలి వీధుల్లో ప్రతి ఇంటి ఇల్లాలికీ చదివే పాఠమే ఇక్కడా చదివేశాడు.

"ఎన్నిసార్లు సెప్పాలి? పరుపన్నాక రోజూ లేపాల. ఎండలో ఎయ్యాల. అటూ ఇటూ తిప్పి నాలుగు తగిలించాల. ఒకేసోట పడి ఉంటే ఎంత మంచి దూదైనా గడ్డకట్టక ఏం సేత్తాది?"

గోడ దగ్గరనుంచి జన్నత్ అడిగింది: "నాకేటి సెప్పేవు అబ్బా?"

"ఏటి సెప్పేను?"

"పడుకోమన్నావు."

"నువ్వు దూదివేటి?" అని కసిరి, గడ్డ దూదంతా గోనెసంచిలో కుక్కి మూల పడేసి, కొత్త దూది కూరి, కుట్లు వేసి, రాంబిల్లి బస్సుకి వేళవుతోందని పెద్ద విల్లు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కూతుర్ని మళ్ళీ పైకెక్కించడం ఆ తొందరలో మరిచిపోయాడు.

జోహరాబీ వంటింట్లో ఉంది. కొట్టులో జన్నత్, గోనెసంచి, చిన్న విల్లు మిగిలారు. సంచికేసి చాలాసేపు చూసింది. తర్వాత చాప మీద పాకుతూ వెళ్ళి విల్లు ముందు కూర్చుంది. గుండు పట్టుకుంటే వేళ్ళకి కొత్తగా అనిపించింది. సంచిలోంచి ఒక గడ్డ తీసి తంతి కింద పెట్టింది. కొట్టింది.

టంగ్.

నడుంలో చురుక్కుమంది. కళ్ళు మూసుకుని, నరం తెగుతుందేమోనని చూసింది. తెగలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ చురుక్కుమంది, కానీ మొదటిదానికన్నా పెద్దదేమీ కాదు. గడ్డ ఒక పక్క విడింది. ఇంకో దెబ్బకి దూది కొంచెం లేచింది.

వంటింట్లోంచి జోహరాబీ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. మొగుడు తిరిగొచ్చాడనుకుంది. గుమ్మంలో ఆగి చూస్తే, దుప్పటి మడత సర్దుకోవడానికి తల్లిని పిలిచే పిల్ల, జుట్టు నిండా దూదితో కొట్టుకుపోతోంది. కూతురు గుండు ఎత్తినప్పుడు మూలగడం లేదన్న సంగతి ఆవిడ చెవులకి ముందు తెలిసింది.

"అమ్మా, అబ్బాకి సెప్పకు" అంది జన్నత్.

"మీ అబ్బాకేటి, మీ అమ్మకి సెప్పేవేటి ముందు?"

"నొప్పుంది. ఉన్నా అవుతాంది."

జోహరాబీ గరిటె వెనక్కీ ముందుకీ తిప్పింది. "పొయ్యి మీద బియ్యం పడేసేను. అన్నం ఉడికేదాకా కొట్టు. గంజి వార్సేక పిలుత్తాను, లెగిసిపోవాల. ఒక్క దెబ్బ ఎక్కువేసినా ఈ గరిటె ఇరిగిపోద్ది, సూడు."

"నీకు కోపం లేదా?"

"పగలల్లా నీ మూలుగులు ఇని ఇని నా సెవులు సిల్లులు పడిపోయేయి. ఆ టంగు టంగే నయం."

ఆ రోజు జన్నత్ అన్నం ఉడికేదాకా కొట్టింది. సాయంత్రం దాకా భయంభయంగా నొప్పి కోసం ఎదురుచూసింది. వచ్చింది. కానీ రోజూ వచ్చేంతే వచ్చింది, ఒక్క పిసరు ఎక్కువ తేలేదు. అన్ని రోజులూ కదలకుండా పడుకుంటే వచ్చిన నొప్పీ అంతే, ఇవాళ కొట్టినా వచ్చిన నొప్పీ అంతే. ఇది ఆమెకి చాలా పెద్ద సంగతిలాగా తోచింది. పెద్ద పరుపెక్కి పడుకుని నవ్వింది. నరం తెగలేదు.

అప్పట్నుంచి సైదా సాహెబ్ బస్సెక్కినప్పుడల్లా కొట్టులో చిన్న తంతి మోగేది. మొదట్లో అన్నం ఉడికేదాకా. అది సుఖంగా జరుగుతోందని తోచాక తల్లి పొయ్యి మీద కందిపప్పు ఎక్కించింది, పప్పు ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి. గిన్నె దించగానే జన్నత్ లేచి, పెరట్లో నూతి దాకా నడిచి, చెంబుతో నీళ్ళు తాగి రావాలి. అది జోహరాబీ కట్టడి. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పలేం. కానీ మడమల్లోంచి పోయింది, మెడలోంచి పోయింది. పుట్టిన ఊరికి చేరుకుని నడుంలో కాపురం పెట్టింది. ఆకలి మాత్రం తిరిగొచ్చింది. ఏకిన దూదిని తల్లీ కూతుళ్ళు అదే సంచిలో నింపి మూలనే పెట్టేవారు. సైదా సాహెబ్ దాన్ని గడ్డల సంచి అనుకుని తొంగి చూడలేదు.

కానీ పద్నాలుగేళ్ళ పిల్ల పద్నాలుగేళ్ళ పిల్లే. ఆదాన్ని తేవడానికి తండ్రి వెళ్ళే రోజు దగ్గరపడుతోందని తెలిసి జన్నత్‌కి తొందర పట్టుకుంది. ఒకరోజు తండ్రి బస్సెక్కాక, తల్లి అప్పలకొండమ్మతో కలిసి మార్కెట్టుకి వెళ్ళగానే విల్లు ముందు కూర్చుని, వంటా లేదు, గిన్నే లేదు, ఆపమనేవాళ్ళూ లేరు, ఒకటే బాదుడు. ఎద్దు మళ్ళీ గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్న నడుంలో మళ్ళీ మేకు దిగబడింది.

"సెప్పలేదేటి నేను?" అంది అప్పలకొండమ్మ ముంత పక్కన పెట్టి, ఎంతో జాలిగా, కొంచెం సంతోషంగా. "ఇంక లెగవదు."

ఆ రోజంతా జన్నత్ గోడవైపు తిరిగి పడుకుంది. చిన్న విల్లు వంక చూడలేదు. ఆదం చేతిలో అది ఎలా ఉంటుందో ఊహించుకుంది. తల్లి తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. రెండోరోజు మధ్యాహ్నం జోహరాబీ వచ్చి మంచం పక్కన నిలబడింది.

"అన్నం పొయ్యెక్కించేను" అంది.

"నా వల్ల కాదమ్మా."

"పప్పు కాదుగదా, అన్నమే. మళ్ళీ మొదట్నుంచే. కొట్టలేకపోతే ఊరికే కూకో ఆ విల్లు ముందు."

జన్నత్ దిగింది. కూర్చుంది. కొన్ని దెబ్బలు కొట్టింది, కొంతసేపు ఆగింది. ఆశ్చర్యం ఏమిటంటే, మొదటిసారి వారాలు పట్టిన మేకు ఈసారి రెండో రోజుకే వదులైంది. మూడో రోజుకి పప్పు దాకా వెళ్ళింది. ఈసారి ఆమెకి ఒక సంగతి తెలిసొచ్చింది. నొప్పి రావడం వేరు, చెడిపోవడం వేరు. అది వస్తుంది, పోతుంది. దాన్ని చూసి పారిపోనక్కర్లేదు, దానితో పందేలూ వేయక్కర్లేదు.

సైదా సాహెబ్ పాయకరావుపేట వెళ్ళి ఆదాన్ని తీసుకొచ్చిన రోజున బంగారయ్య బండి కూడా గుమ్మంలోకి వచ్చింది. ఆదం పదహారేళ్ళవాడు. నూనె రాసి నున్నగా దువ్విన తల, చేతిలో రేకుపెట్టె, ఎక్కడ నిలబడాలో తెలియని చూపు. బంగారయ్య బండి దిగుతూనే మొదలెట్టాడు.

"సాయిబు బావా, పరుపులు సరే, దిళ్ళేవీ? పెళ్ళికూతురు తల నేలమీదెట్టుకోవాలేటి?"

"దూదుంది బావా, ఏకాల. ఇదిగో మా మేనల్లుణ్ణి తెచ్చేను" అని సైదా సాహెబ్ మూలనున్న సంచి లాగి బోర్లించాడు. గడ్డలు దబదబా పడతాయనుకుని కాలు వెనక్కి తీసుకున్నాడు. సంచిలోంచి తెల్లటి మబ్బు వచ్చింది. వస్తూనే ఉంది. ఆదం రేకుపెట్టె సగం మునిగిపోయింది.

బంగారయ్య అందులో మోచేతిదాకా చెయ్యి పెట్టి, "ఓలబ్బో, ఎవరేకేరిది? ఎన్నపూసలాగుంది!" అన్నాడు.

సైదా సాహెబ్ పెళ్ళాం వంక చూశాడు. పెళ్ళాం కూతురి వంక చూసింది. కూతురు పీట అవసరం లేకుండా మంచం మీంచి జారి నేల మీద నిలబడింది.

ఆయనకి కోపం రాలేదు. ముఖం తెల్లబోయింది. "వద్దు బేటీ. మళ్ళీ పట్టేత్తాది."

"పట్టేసింది అబ్బా. నువ్వు లేనప్పుడొకసారి పట్టేసింది. మళ్ళీ వదిలేసింది."

"మరి నొప్పి లేదా?"

జన్నత్ అబద్ధం చెప్పొచ్చు. చెబితే పని సులువయ్యేది. "ఉంది" అంది.

"ఉంటే మరెందుకు?"

"పడుకున్నా ఉంది, కొట్టినా ఉంది. కొడతన్నప్పుడు నేనూ ఉంటాను. పడుకుంటే అదొక్కటే ఉంటాది."

సైదా సాహెబ్ బీడీ వెతుక్కున్నాడు. జోహరాబీ కొంగు దోపుకుంది. "ఉలవలు పొయ్యెక్కించేను. అవి దిగేదాకా పిల్లని కొట్టనియ్యి. తరవాత నువ్వేటి సెప్తే అదే." ఉలవలు ఉడకడమంటే మాటలు కాదు. ఆదం రేకుపెట్టె మీద కూర్చున్నాడు. బంగారయ్య ఎడ్లకి గడ్డి వేసొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆయనకి తొందరున్నట్టు కనబడలేదు.

జన్నత్ విల్లు ముందు కూర్చుని కొట్టడం మొదలెట్టింది. తండ్రి ఆమె చేతుల వంక చూడలేదు. నడుం వంకే చూస్తూ కూర్చున్నాడు, అక్కడ ఏదో పగులుతుందన్నట్టు. కాసేపయ్యాక ఆమె గుండు కింద పెట్టి లేచింది. ఆయన ఉలిక్కిపడి తానూ లేచాడు.

"ఏటి? వచ్చిందా?"

"లేదు. వచ్చేముందే లెగిసేను."

నూతి దాకా నడిచింది. చెంబెత్తి నీళ్ళు తాగింది. రెండు చేతులూ పైకి చాపి ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఉలవలు దిగేలోగా అలా మళ్ళీ మళ్ళీ లేచింది, మళ్ళీ మళ్ళీ కూర్చుంది. ఎద్దుతో పందెం వేసుకుని పొద్దల్లా లేవని పిల్ల, ఇప్పుడు ఎవరూ చెప్పకుండా లేస్తోంది. ఆమె కొట్టడం ఆయన ఎప్పుడూ చూసిందే. ఆపడం మాత్రం అదే మొదటిసారి చూడడం. దిగులంతా ఒక్క ఊపిరిలో వదిలేశాడు.

"ఆదం, నీకు సూది తెలుసేటి?" అన్నాడు.

"తెల్దు మావయ్యా."

"నేర్సుకో. దిళ్ళు కుట్టాల."

ఆదం విల్లుకేసి చూశాడు, సూదికేసి చూశాడు. "అది ఆడోళ్ళ పని గదా?"

"నువ్వు పుట్టినకాడ్నించీ ఎవరు కుట్టిన బొంత మీద పడుకున్నావురా?" అంది జోహరాబీ, గరిటె అలాగే పట్టుకుని. ఆదం గబుక్కున సూది అందుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకి ఆయన మా తాత అయ్యాడు. చివరిదాకా మా ఇంట్లో సూది ఆయనదే.

మేడలాగా పేర్చిన జన్నత్ పరుపుల్ని విప్పి, దూదంతా మళ్ళీ ఏకి, అవి కూడా బంగారయ్య బండెక్కించారు. పెళ్ళికూతురు వాటి మీద ఎలా పడుకుందో తెలియదు గాని, బంగారయ్య మాత్రం ఎడ్లతో సహా ఉలవచారు తాగి వెళ్ళాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎడ్లు తాగాయన్నది సైదా సాహెబ్ చేర్చిన ముక్కై ఉంటుంది. జన్నత్ ఆ రాత్రినుంచి అందరితోపాటు చాప మీదే పడుకుంది. అప్పలకొండమ్మ కొన్నాళ్ళు అలిగి, తర్వాత తన మోకాలు చూపించుకోవడానికి వచ్చింది. జోహరాబీ ఆవిడకి పొయ్యి మీద గిన్నె చూపించి, అన్నం ఉడికేదాకా పెరట్లో నడవమంది.

నొప్పి? అది మా అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. ఏ చలిరోజునో వచ్చి పలకరించి పోతుంది. ఆమె "వచ్చేవా" అంటుంది, చీపురు పట్టుకుంటుంది. ఇప్పుడు దూది మరలో వేసి ఏకుతున్నారు, విల్లులు గోడెక్కాయి. అయినా వీధిలో ఎవరి పరుపు గడ్డకట్టినా డాబా మీదికి మోయించి, ఎండలో పరిచి, కర్ర పట్టుకుని తనే నాలుగు తగిలిస్తుంది.

ఇదంతా కుర్చీ దిగకుండా కూర్చుని రాసి, నిన్న మధ్యాహ్నం డాబా మీదికి వెళ్ళి చదివి వినిపించాను. ఆమె పరుపు దులుపుతూనే వింది. మొదటి వాక్యం దగ్గర ఒకసారి ఆగి, "ఊఁ" అని మళ్ళీ కొట్టింది. చదవడం అయ్యాక నేను మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పుకుంటూ, "ఎలగుంది అమ్మమ్మా?" అని అడిగాను.

"అబద్దాలు బాగానే కుట్టేవు" అంది. "ఆ కుర్సీ దిగి ఎన్నాళ్ళయింది నువ్వు? లెగు. ఆ కొన పట్టుకో, పరుపు తిరగెయ్యాల."